సముద్రం దాటేవారి మూట

తొలిసారి విదేశానికి బయలుదేరేవారి పెట్టెలో ఏముండాలన్నది ఇప్పుడు కిలోల లెక్క. నూటపాతికేళ్ళ కిందట అది ధర్మశాస్త్రపు విషయం. సముద్రం దాటినవాడు ధర్మభ్రష్టుడవుతాడా, లేక తన ధర్మాన్ని మూటగట్టుకుని వెంట తీసుకుపోగలడా అన్న ప్రశ్న మీద దేశమంతటా వాదాలు నడిచాయి, కుటుంబాలు చీలాయి. పెరటి గుమ్మం తీస్తే సముద్రమే కనిపించే విశాఖపట్నం లాంటి ఊరికి ఈ ప్రశ్న మరీ దగ్గరది. ఇక్కడ ఒకే ఒడ్డు మీద కొందరికి సముద్రం తల్లి, కొందరికి బతుకుదెరువు, మరికొందరికి దాటరాని గీత.

నిషేధానికి ఆధారంగా పండితులు ముందుగా చూపేది బౌధాయన ధర్మసూత్రాన్ని. అందులో ఉత్తరాది ఆచారాలు ఐదు, దక్షిణాది ఆచారాలు ఐదు చెప్పారు. ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, రెండు దవడలా పళ్ళున్న జంతువులతో వ్యాపారం, ఆయుధాలతో జీవనం, సముద్రయానం ఉత్తరాదివారివి. ఉపనయనం కానివారితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్ది తినడం, మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్ళాడడం దక్షిణాదివారివి. ఏ ప్రాంతపు ఆచారం ఆ ప్రాంతంలోనే చెల్లుతుంది, మరోచోట చేస్తే దోషమని అక్కడి వాదం. తెలుగువారు ఈ జాబితా దగ్గర కాసేపు ఆగాలి. మేనరికం, చద్దన్నం తెలుగు ఇళ్ళలో ఏ తప్పూ లేకుండా నిలిచింది ఈ దేశాచారం అన్న పట్టుతోనే. ఆచారం నేలను పట్టుకుని ఉంటుందని శాస్త్రమే ఒప్పుకుంది. అలాంటప్పుడు నేల విడిచినవాడి ఆచారం ఏమవుతుందన్నది సహజంగా వచ్చే సందేహం. సముద్రయానం మీద జరిగిన వాదమంతా ఈ సందేహం లోంచి పుట్టిందే.

అదే సూత్రగ్రంథం మరోచోట మనిషిని పతితుణ్ణి చేసే పనుల వరుసలో సముద్రయానాన్ని మొదట పెట్టింది. దానికి ప్రాయశ్చిత్తమూ చెప్పింది: మూడేళ్ళ పాటు నాలుగు భోజన వేళలకు ఒకసారి మితంగా తినాలి, రోజుకు మూడు స్నానాలు చేయాలి, పగలు నిలబడి, రాత్రి కూర్చుని గడపాలి. శిక్ష కఠినమే, కానీ తిరిగి వచ్చే దారి మూసెయ్యలేదు. మనుస్మృతి సముద్రయానం చేసినవాణ్ణి శ్రాద్ధ భోక్తగా పిలవవద్దంది. ఆ మనువే మరో అధ్యాయంలో సముద్ర వర్తకం తెలిసినవారు నిర్ణయించిన వడ్డీయే చెల్లుబాటని రాశాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం అడవి దారుల్లో వ్యాపారం చేసేవారికి నూటికి నెలకు పది, సముద్రం మీద వెళ్ళేవారికి ఇరవై పణాల దాకా వడ్డీ ఒప్పుకుంది. యాజ్ఞవల్క్యుడు కూడా ఇదే తేడా పాటించాడు. వడ్డీ రేటు కట్టిన శాస్త్రానికి మనుషులు ఓడలెక్కుతున్నారని తెలియకపోలేదు. తలుపు నిజంగా మూసుకుపోయింది తర్వాత వచ్చిన కలివర్జ్యాల, అంటే కలియుగంలో విడిచిపెట్టాలన్న పనుల, జాబితాలతో. ఓడలో సముద్రం దాటిన ద్విజుణ్ణి ప్రాయశ్చిత్తం చేసుకున్నా సరే కలియుగంలో తిరిగి కలుపుకోకూడదని వాటిలో చేరింది. పదమూడో శతాబ్దపు హేమాద్రి వంటి నిబంధనకారులు ఆ జాబితాలను ఎత్తి రాశాక అదే నడిచింది.

ఈ నిషేధానికి కారణమేమిటో సూత్రాలు విప్పి చెప్పవు. బతికిన తీరును బట్టి ఊహించుకోవాలి. నిత్యం అగ్నిని ఆరాధించే గృహస్థుకు ఇల్లంటే ఆ అగ్ని ఉన్న చోటు. ప్రయాణానికి బయలుదేరే ఆహితాగ్ని ముందుగా అగ్నుల దగ్గర నిలబడి సెలవు తీసుకోవాలని, తిరిగి వచ్చాక మళ్ళీ ఉపస్థానం చేయాలని శ్రౌతసూత్రాల్లో విధి ఉంది. పెద్దవాళ్ళకు చెప్పి వెళ్ళినట్టే నిప్పుకీ చెప్పి వెళ్ళాలి. ఈ పద్ధతిలో ఎంతో మర్యాద ఉంది. నిప్పును ఓడలో తీసుకుపోలేరు. మంచినీళ్ళు పీపాల్లోవి, వంట ఎవరు చేశారో తెలియదు, ఒడ్డు చేరాక శ్రాద్ధానికి పిలవడానికి బ్రాహ్మణుడు దొరకడు. శాస్త్రం ఉప్పునీటిని చూసి భయపడలేదు. వెంట తీసుకుపోలేని వాటిని చూసి భయపడింది. కాలాపానీ (నల్లనీళ్ళ) భయంగా జనంలో స్థిరపడినదాన్ని ఇలా చదివితే, అది మూఢనమ్మకంగా కన్నా ఒక జీవన విధానం తన హద్దును తాను గుర్తించుకున్నట్టుగా కనిపిస్తుంది. వెలివేత అనే క్రూరత్వాన్ని ఇది మాఫీ చేయదు. ప్రశ్న ఎక్కడ పుట్టిందో మాత్రం చూపిస్తుంది.

విశాఖ తీరంలో ఈ ప్రశ్నకు మరో సమాధానం అంతకు ముందే ఉంది. భీమిలి దారిలోని తొట్లకొండ, బావికొండ, భీమిలి దగ్గరి పావురాళ్ళకొండ, అనకాపల్లి పక్కన శంకరంలోని బొజ్జన్నకొండ బౌద్ధారామాల శిథిలాలు. తొట్లకొండ మీద నిలబడితే కింద సముద్రమే. అక్కడి తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలూ దొరికాయి. కొండ మీద వర్షాకాలం గడిపిన భిక్షువుకి సంఘం అనుమతించిన సొంత సామాను ఎనిమిది వస్తువులు: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్ళు వడగట్టే గుడ్డ. ఇంతే సామానుతో ధర్మం సింహళానికీ, సువర్ణభూమికీ చేరింది. నిప్పుకూ, నేలకూ, పుట్టుకకూ కట్టుబడని ధర్మానికి మూట తేలిక. దేశానికి కట్టుబడిన గృహస్థ ధర్మానికీ, దేహంతో పాటు కదిలే భిక్షు ధర్మానికీ ఉన్న తేడా ఈ ఎనిమిది వస్తువుల దగ్గర తేటతెల్లమవుతుంది.

తర్వాతి శతాబ్దాల్లోనూ తెలుగు తీరం ఓడలకు ముఖం చాటేసింది లేదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు ఇచ్చిన మాట. గాలివానకు ఒడ్డున పడిన ఓడల సరుకును పాత రాజులు స్వాధీనం చేసుకునేవారు. తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన ప్రకటించాడు. కలివర్జ్యాలను పండితులు గ్రంథాల్లోకి ఎక్కిస్తున్న శతాబ్దమూ అదే.

పైగా నిషేధం ద్విజులకే. ఒడ్డున బతికే జాలరులకూ వాడబలిజలకూ గంగమ్మ తల్లి. తల్లి మీద నడవడం దోషమవుతుందని వారికి ఎవరూ చెప్పలేదు. సముద్రం మీది భయాన్ని వారు కులసభల్లో తేల్చుకోలేదు, మొక్కులతో తీర్చుకున్నారు. ఆ మొక్కులకు మతాల గోడలు అడ్డురాలేదు. విశాఖ రేవు పక్కన మూడు గుట్టలున్నాయి: ఒకదాని మీద వేంకటేశ్వరుడు, ఒకదాని మీద మరియమాత గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా. బంగాళాఖాతపు గాలివానలు ఈ బాబా చేతిలో ఉంటాయని నావికుల నమ్మకం. రేవులోకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఓడలు జెండాను మూడుసార్లు దించి ఎత్తి ఆయనకు దండం పెట్టేవని, ప్రయాణం క్షేమంగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు వెండితో చేసిన చిన్న దోనెను దర్గాకు సమర్పించేవారని బ్రిటిష్ కాలపు రచనల్లో ఉంది. అరచేతిలో పట్టే వెండి దోనెలో ఒక వేదాంతం ఉంది. ఓడ తనదే అయినా దాటించినవాడు తాను కాదని ఆ యజమాని ఒప్పుకున్నట్టు. ప్రయాణ సన్నాహంలో ఈ ఒప్పుకోలుది మొదటి స్థానం అనుకోవచ్చు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ఒడ్డు నుంచి జనం వేలల్లో కదిలారు. కోరంగి, కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి రంగూన్‌కు ఓడలు నడిచేవి. రంగూన్‌లో తెలుగువారిని కోరంగీలని పిలిచింది ఆ రేవు పేరు మీదే. విశాఖలో లోపలి హార్బరు తయారై 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ అందులో అడుగు పెట్టేదాకా స్టీమర్లు దూరంగా సముద్రంలోనే ఆగేవి. కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో అలలు దాటించి మనుషులనూ సామాన్లనూ ఎక్కించాలి. డెక్కు మీద ప్రయాణం; మూట తడవకపోతే అదృష్టం. అందులో పట్టేది ఒక దుప్పటి, చెంబు, మార్చుకోవడానికి బట్టలు, కొన్నాళ్ళకు సరిపడే తిండి. వీరెవరినీ ఏ పండితసభా పిలిచి ప్రశ్నించలేదు. సముద్రయాన దోషం మీద పుస్తకాలు అచ్చయిన కాలంలోనే, ఆ దోషం అంటనివారిగా లెక్కకు వచ్చినవారు, నిజానికి లెక్కలోకే రానివారు, సముద్రాన్ని దాటుతూ పోయారు.

వీరు దేవుణ్ణి ఇంటి దగ్గర వదిలి వెళ్ళలేదు. మారిషస్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా 1830ల నుంచి వెళ్ళిన తెలుగువారి సంతతి ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తుంది. విశాఖ పక్కన సింహాచలం కొండ మీద ఏడాదంతా చందనం పూతలో ఉండి, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం చూపే వరాహ నరసింహస్వామి వేల మైళ్ళ అవతల హిందూ మహాసముద్రంలోని ద్వీపంలో దీపం రూపంలో పూజలందుకుంటున్నాడు. భాష చాలా ఇళ్ళలో క్రియోల్ అయింది, ఇంటిపేర్ల వర్ణక్రమం మారింది. రామభజనం, అమ్మోరి పండుగ, ఉగాది నిలిచాయి. ఉగాది ఆ దేశంలో సెలవు రోజు. గుడి రాళ్ళను ఎవరూ మోసుకెళ్ళలేదు. ఆగమం ప్రకారం ప్రతిష్ఠించిన మూలవిరాట్టు కదలదు. ఇంట్లో వెలిగించే దీపం ఎక్కడికైనా పోతుంది. ధర్మంలో ఏది మూటలో పడుతుందన్న ప్రశ్నకు ఈ కూలీల జవాబు పండితుల జవాబు కన్నా స్పష్టంగా ఉంది.

చదువుకున్న ద్విజులకు మాత్రం అడుగడుగునా లెక్క చెప్పుకోవలసి వచ్చింది. 1888 సెప్టెంబరులో లండన్ వెళ్ళేముందు గాంధీ మద్యం, పరస్త్రీ, మాంసం ముట్టనని ఒక జైన సాధువు ఎదుట తల్లికి మాటిచ్చాడు. అయినా బొంబాయిలోని కులపెద్దలు వెలివేశారు. తిరిగి వచ్చాక నాసిక్‌లో గోదావరి స్నానం చేయవలసి వచ్చింది. జైపూర్ మహారాజు రెండో మాధోసింగ్ 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెళ్తూ గంగాజలం నింపిన పెద్ద పెద్ద వెండి బిందెలు ఓడలో ఎక్కించాడు. ఒక్కొక్కటి 345 కిలోల వెండి. జైపూర్ సిటీ ప్యాలెస్‌లో వాటిని ఇప్పటికీ చూడవచ్చు. పవిత్రమైన నేలను వదలకుండా ఉండడానికి నదినే మోసుకుపోయిన ప్రయత్నం అది. డబ్బున్నవాడికి శాస్త్రం ఇచ్చిన వెసులుబాటు పేదవాడికి ఇవ్వలేదన్నది ఇక్కడ దాచలేని నిజం.

గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ కథ విశాఖకూ తగులుతుంది. 1905లో కాలేజీ చదువు దెబ్బతిన్నప్పుడు ఇంట్లో చెప్పకుండా ఆయన పారిపోయి వచ్చింది విశాఖపట్నానికే. ఎనిమిదేళ్ళ తర్వాత కేంబ్రిడ్జి పిలుపు వచ్చింది. సముద్రం దాటడానికి ఆయన మొదట ఒప్పుకోలేదు. కొడుకు దారికి అడ్డు నిలవవద్దని ఇలవేల్పు నామగిరి అమ్మవారు కలలో ఆజ్ఞాపించిందని తల్లి చెప్పాకే చిక్కు తీరిందని చెబుతారు. 1914 మార్చి 17న మద్రాసులో నెవాసా ఓడ ఎక్కే నాటికి పిలక తీసేశారు, కోటు, బూట్లు అలవాటు చేశారు. అది ఆయన రూపానికి జరిగిన సర్దుబాటు. ఆహార నియమాన్ని మాత్రం కదలనివ్వలేదు. కేంబ్రిడ్జిలో తన వంట తానే చేసుకున్నాడు, చింతపండు వంటి సరుకులు ఇంటి నుంచి తెప్పించుకున్నాడు. యుద్ధకాలంలో ఆ నియమాన్ని నిలుపుకోవడం ఎంత కష్టమైందో ఆయన ఆరోగ్యం చెప్పింది. 1919లో తిరిగి వచ్చాక రామేశ్వరం తీసుకెళ్ళి శుద్ధి చేయించాలని తల్లి అనుకుంది, శరీరం సహకరించలేదు. 1920 ఏప్రిల్‌లో చనిపోయినప్పుడు, శుద్ధి కాలేదన్న కారణంతో బంధువుల్లో కొందరు ఛాందసులు అంత్యక్రియలకు రాలేదు. ప్రపంచం గౌరవించిన మనిషికి సొంత వీధిలో దక్కింది ఇది. కలివర్జ్యం పుస్తకంలో ఒక పంక్తి. బతుకులో దాని బరువు ఇంత.

సన్న్యాసికి ఈ చిక్కు ఉండకూడదు. అగ్నినీ, గోత్రాన్నీ, శ్రాద్ధాన్నీ వదిలిన వాడికి పోగొట్టుకోవడానికి ఏముంటుంది? 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో తాను పాశ్చాత్య దేశాలకు ఎందుకు వెళ్ళదలచిందీ ఉపన్యసించిన వివేకానందుడు మే 31న బొంబాయిలో ఓడ ఎక్కాడు. దండ కమండలాలతో దేశమంతా తిరిగిన మనిషికి పెట్టెలు, బట్టలు కాపలా కాసుకోవడం పెద్ద బెడదైంది. అయినా అమెరికా చేరాక చలికి తగిన బట్టలు లేవని తేలింది. అంత సామాను మోసీ అవసరమైనది తీసుకెళ్ళకపోవడం తొలి ప్రయాణాల్లో ఇప్పటికీ జరిగేదే. తిరిగి వచ్చాక ఆయన్నీ సముద్రయానం పేరుతో తప్పుపట్టినవారున్నారు. వాదం ఇంకా ముగియలేదు. ఉడుపి పుత్తిగె మఠాధిపతి విదేశాల్లో పర్యటించి వచ్చారని, కృష్ణుడి విగ్రహాన్ని తాకి పూజించరాదని పూజాధికారం మఠాల మధ్య చేతులు మారే 2008 పర్యాయ సమయంలో మిగతా మఠాధిపతులు అభ్యంతరం చెప్పారు. మరోపక్క తిరుమల తిరుపతి దేవస్థానం విదేశాల్లో శ్రీనివాస కళ్యాణాలు జరిపిస్తోంది. గృహస్థుల విషయంలో నిషేధం దాదాపు చెరిగిపోయింది. అర్చక పీఠాల దగ్గర కొంత మిగిలింది. వెలి అయినవాడికి ఆస్తి హక్కు పోదని 1850 చట్టం తేల్చాక కులసభల చేతిలోని పెద్ద ఆయుధం మొద్దుబారిందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

దోషం మాట చాలావరకు పోయింది. దాని కింద ఉన్న ప్రశ్న, వెంట తీసుకుపోలేనిదాన్ని ఏం చేసి వెళ్ళాలన్నది, పోలేదు. దీనికి హజ్ యాత్ర సన్నాహం గొప్ప నమూనా. అక్కడ సముద్రం దాటడం పాపమన్న మాటే లేదు, స్తోమత ఉన్నవారికి అది విధి. కానీ బయలుదేరే ముందు అప్పులు తీర్చాలి, ఎవరి మనసైనా నొప్పించి ఉంటే క్షమాపణ అడగాలి, ఇంటి దగ్గర ఉండేవారి పోషణకు ఏర్పాటు చేయాలి, ఖర్చు న్యాయమైన సంపాదన అయి ఉండాలి. ఇవన్నీ అయ్యాక పురుషుడు పెట్టెలో పెట్టుకునే ముఖ్య వస్తువు కుట్టులేని రెండు తెల్లని బట్టలు. సామాను తక్కువ, సన్నాహం ఎక్కువ. హిందూ ధర్మంలోనూ ఈ ఆలోచనకు చోటుంది: మనిషి దేవ, ఋషి, పితృ ఋణాలతో పుడతాడన్నది తెలుగు ఇళ్ళలో చిన్నప్పటి నుంచి వినే మాటే. విదేశ చదువుకు ఇల్లు తాకట్టు పెట్టి తండ్రి సంతకం చేసిన బ్యాంకు అప్పు ఈ మూడింటి పక్కన నాలుగోది అని చెబితే అతిశయోక్తి కాదు. అది కొడుకు మెడకే కాదు, ఊళ్ళో ఉన్న తండ్రి నిద్రకూ చుట్టుకుంటుంది. దాన్ని ఎలా తీర్చేదీ కొడుకూ తండ్రీ కూర్చుని మాట్లాడుకోవడం, పెట్టె సర్దడానికి ముందు జరగాల్సిన కర్మ.

ఋణం సంగతి వైద్య శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితంలో రెండు వైపులా కనిపిస్తుంది. 1923లో ఆయన అమెరికా ప్రయాణానికి మామగారి సాయం ఒకటి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూత మరొకటి. ఆ నాయకర్ రంగూన్ వెళ్ళి గడించి, సంపదను ధర్మకార్యాలకు రాసిన మనిషి. ఒకరు సముద్రం దాటి తెచ్చిన డబ్బు మరొకరిని సముద్రం దాటించింది. చదువు ముగించి మూడేళ్ళలో వస్తానని భార్య శేషగిరికి మాటిచ్చి సుబ్బారావు వెళ్ళాడు. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ వర్గపు తొలి మందు, బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ ఆయన పరిశోధన బృందాల చలవ. ఎన్ని లక్షల ప్రాణాలు నిలిచాయో లెక్క కట్టలేం. 1948లో న్యూయార్క్‌లో చనిపోయేదాకా ఆయన తిరిగి రాలేదు. ఋషి ఋణం అంత ఘనంగా తీర్చిన మనిషి ఇంటి ఋణం తీర్చలేకపోయాడు. ఈ రెంటినీ ఒక త్రాసులో తూచడం ఎవరి తరమూ కాదు. రెండోదాన్ని మరిచి మొదటిదాన్నే పొగడడం మాత్రం న్యాయం కాదు.

ఇప్పుడు విశాఖ ఉక్కునగరం క్వార్టర్లలోనో, ఎం.వి.పి. కాలనీలోనో ఒక కుర్రాడి తొలి ప్రయాణపు సన్నాహం చూస్తే పాత ప్రశ్నలన్నీ కొత్త రూపాల్లో ఉన్నట్టు తెలుస్తుంది. ముందు పంచాంగం తీస్తారు. వర్జ్యం, రాహుకాలం తప్పించి, వారశూల చూస్తారు: సోమ, శనివారాలు తూర్పుకు, మంగళ, బుధవారాలు ఉత్తరానికి, శుక్ర, ఆదివారాలు పడమటికి, గురువారం దక్షిణానికి పనికిరావు. టికెట్టు ఆ రోజుకు దొరక్కపోతే ప్రస్థానం ఉంచుతారు. అంటే ముహూర్తం వేళకు సామానులో ఒక వస్తువును పక్కింటికి చేర్చి, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు భావిస్తారు. శాస్త్రాన్నీ రైలు వేళలనూ, విమానపు వేళలనూ రాజీ చేసిన ఈ పద్ధతి మీద చిన్నచూపు అక్కర్లేదు. ఆచారం కదలగలదని ఆచారపరులే ఒప్పుకున్న చోటు ఇది. కొందరు పాస్‌పోర్టుతో ఆసీలుమెట్ట సంపత్ వినాయకుడి దగ్గరికి, హైదరాబాదులో ఉన్నవారు చిలుకూరు బాలాజీ దగ్గరికి పోతారు. చిలుకూరులో కోరికకు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. వీసాకు మొక్కుకోవడాన్ని ఎగతాళి చేసేవారు వెండి దోనె ఇచ్చిన ఓడ యజమానినీ అలాగే ఎగతాళి చేయాల్సి ఉంటుంది.

పెట్టెలోకి వచ్చేసరికి దేవుడి సామానుకు విమాన నియమాలు ఎదురవుతాయి. కర్పూరం త్వరగా అంటుకునే పదార్థం, అనుమతి లేదు. అగ్గిపెట్టె చెకిన్ పెట్టెలో పెట్టకూడదు. నూనె ఎక్కువగా ఉండే ఎండుకొబ్బరికీ నిషేధమే. శబరిమల భక్తుల ఇరుముడిలోని కొబ్బరికాయను 2024 చివర్లో కొన్ని నెలల పాటు విమానం లోపలికి ప్రత్యేకంగా అనుమతించారు. గింజలు, కొయ్య వస్తువులు, ఎండుపూలు ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ముందే చూపించాలి, దాచకూడదు. దేవుడి ప్రసాదం పేరుతో అబద్ధం ఆడడం ప్రసాదానికే అపచారం. కుంకుమ, విభూతి, అదనపు జంధ్యాలు, చిన్న దీపపు కుందెకు ఏ అడ్డూ లేదు. నిప్పు పుట్టించేవాటికే ఆంక్ష. పాతకాలపు ఆహితాగ్ని లాగే నేటి ప్రయాణికుడూ అగ్నిని ఇంటి దగ్గరే ఉంచి పోతున్నాడు.

సర్దుకోవడం గురించి ఈ నేల ఇచ్చిన ఉత్తమమైన ఆలోచన ఇరుముడిలోనే ఉంది. దానికి రెండు అరలు: ముందుది స్వామికి తీసుకెళ్ళే నేతి కొబ్బరికాయ, పూజాసామగ్రికి, వెనకది దారిలో తన తిండికి. ముందు అర నింపాకే వెనక అర. విదేశానికి వెళ్ళేవారి పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, కుక్కర్ తప్పనిసరి, వాటిని తప్పుపట్టనవసరం లేదు. రామానుజన్ చింతపండు తెప్పించుకున్నది నాలుక కోసం మాత్రమే కాదు. కానీ విమానంలో అనుమతించే కిలోలన్నీ వెనక అరకే పోతే ముందు అర గురించి ఇంట్లో ఒక్కసారైనా ఆలోచించాలి. అందులో వేయాల్సినవాటికి బరువు ఉండదు: ఏ నియమాన్ని ఎక్కడా సడలించడు, ఏది అక్కడి తీరును బట్టి మార్చుకుంటాడు అన్న నిర్ణయం. గాంధీ మూడు మాటలు తీసుకెళ్ళాడు. ఆయన కోటు, నెక్‌టై మార్చుకున్నాడు, ఆ మూడింటినీ మార్చుకోలేదు. మహాభారతంలో యక్షుడు ప్రవాసికి మిత్రుడెవరని అడిగితే ధర్మరాజు తోడుగా ప్రయాణించేవారని జవాబు చెప్పాడు. కొత్త దేశంలో ఎవరితో కలిసి ఉంటాడన్నది కూడా ఈ అరలోదే.

అక్కడ చేరాక దేశం, కాలం రెండూ మారతాయి. పూజకు ముందు చెప్పే సంకల్పంలో మనిషి తానున్న చోటును దేవుడికి విన్నవించుకుంటాడు: విశాఖలో అయితే జంబూద్వీపం, భరతవర్షం, శ్రీశైలానికి ఈశాన్యం. అమెరికాలోని గుళ్ళలో అర్చకులు దాన్ని క్రౌంచద్వీపం, రమణకవర్షం అని మార్చి చెబుతున్నారు. పురాణ భూగోళం ఆధునిక పటంతో సరిపోతుందా అన్నది వేరే చర్చ; ఎక్కడున్నా ఉన్న చోటును ఉన్నట్టు చెప్పుకోవాలన్న నిజాయితీ ఇందులో ముఖ్యం. శ్రీశైలం పక్కనే ఉన్నట్టు నటించనక్కర్లేదు. తిథి సూర్యోదయాన్ని బట్టి నిలుస్తుంది కాబట్టి విశాఖలో శనివారం వచ్చిన పండుగ షికాగోలో శుక్రవారం రావచ్చు. ఆ ఊరికి లెక్కకట్టిన పంచాంగం విడిగా ఉండాలి. రెండుచోట్లా ఒకేసారి జరుపుకోవాలన్న తాపత్రయం ప్రేమతో వచ్చేదే, శాస్త్రం మాత్రం కాళ్ళు ఎక్కడున్నాయో ఆ నేల కాలాన్నే పాటించమంటుంది.

అన్నిటికన్నా కష్టమైనవి మరణానికి సంబంధించినవి, ప్రయాణం ముందు ఎవరూ మాట్లాడడానికి ఇష్టపడనివి. ధర్మశాస్త్రం వీటిని దాటవేయలేదు. దేశాంతరంలో ఉన్నవాడికి సపిండుల (దగ్గరి జ్ఞాతుల) మరణవార్త పది రోజుల లోపు తెలిస్తే మిగిలిన రోజులే మైల. పది రోజులు దాటాక తెలిస్తే మూడు రాత్రులు. ఏడాది దాటితే స్నానంతో శుద్ధి. దేశాంతరమంటే ఏమిటో కూడా నిర్వచించారు: మధ్యలో మహానది గానీ పర్వతం గానీ అడ్డున్నది, మాట మారిపోయేది. వార్త నెలల తర్వాత చేరే కాలానికి రాసిన నియమాలివి. ఇప్పుడు వార్త నిమిషంలో చేరుతుంది, మనిషి చేరడానికి రెండు రోజులు పడుతుంది, వీసా చిక్కులుంటే చేరనే చేరడు. అప్పుడు తలకొరివి ఎవరు పెట్టాలి, ఎంతసేపు ఆగాలి అన్నది తల్లిదండ్రులు బతికుండగానే, బాగా ఉండగానే, వారి నోటి వెంట వినడం మేలు. అందులో అమంగళం ఏమీ లేదు. ఇదీ పెట్టె సర్దడంలో భాగమే.

తద్దినాల విషయంలో శాస్త్రం ప్రవాసికి చేయి అందించింది. వండి పెట్టి పార్వణ విధిగా చేయలేనివారు ఆమశ్రాద్ధం చేయవచ్చు. బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకంగా ఇచ్చి నమస్కరించడం. అదీ వీలు కానిచోట దక్షిణ రూపంలో హిరణ్యశ్రాద్ధం. నిప్పు అందుబాటులో లేనివారినీ, ఆపదలో ఉన్నవారినీ దృష్టిలో పెట్టుకుని ఈ వెసులుబాటు చెప్పారు. సముద్రం దాటినవాణ్ణి శ్రాద్ధపు పంక్తిలో కూర్చోనివ్వని సంప్రదాయంలోనే, ఇంటికి దూరంగా ఉన్నవాడు తన తండ్రిని తలచుకోవడానికి బియ్యపు గింజలు చాలునన్న విధీ ఉంది. బయలుదేరే కుర్రాడికి ఇంటి పురోహితుడి చేత తల్లిదండ్రుల వైపు మూడు తరాల పేర్లు, గోత్రాలు, తిథులు ఒక కాగితం మీద రాయించి ఇస్తే ఆ విధి నెరవేరడానికి కావలసిన సామాను పూర్తయినట్టే.